అడివికి దినామూ పోయే అవ్వ

పోయిన నెల దుప్పట్లు కొందామని ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒక ఆడమనిషి, ఆమె పక్కన గుమాస్తాలా కనబడే ఒకాయన. మాటల్లో ఆయన "మీ ఇంటాయన రాలేదామ్మా?" అని అడిగాడు. "అడివికి పోయినాడప్పా" అంది ఆమె. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినట్టున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. కనుచూపు మేర నల్లరేగడి చేలు, ఎక్కడో ఒక తుమ్మచెట్టు. "ఇక్కడ అడవి ఎక్కడుందమ్మా?" అన్నాడు. ఆమె ఆయన వంక జాలిగా చూసింది. నేను వెనక సీట్లో పైకే నవ్వేశాను. ఇద్దరూ తిరిగి చూశారు. ఈ వయసులో తనలో తాను నవ్వుకునే ముసలాయన్ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. వాళ్ల తప్పేమీ లేదు.

నాకు అవ్వ గుర్తొచ్చింది.

ఆమె నాకేమీ బంధువు కాదు. మా బడిపిల్లలు అవ్వా అని పిలిచేవాళ్లు, నేనూ అదే పట్టుకున్నాను. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి, నాకు ఇరవై మూడు. పేరు నాకు తెలుసు. ఒకసారి ఏదో కాగితంలో రాయబోతే "నా పేరు రాసి ఏం జేసుకుంటావు సారూ, పిలిస్తే పలుకుతాండా గదా" అంది. అందుకని ఇప్పుడూ రాయను.

ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో నన్ను పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెకు పంతులుగా వేశారు. ఒకటే గది, ఒకటే పంతులు. నేను నంద్యాలవాణ్ని. నల్లమల నీడలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు చాలా తెలుసనుకునే రోజులవి. కొన్ని వారాల్లోనే ఆ భ్రమ వదిలిపోయింది. వదలగొట్టింది అవ్వే.

ఆమె కూలికి పోయే ఆడవాళ్లకు పెద్ద. పొద్దున్నే కొడవలి నడుముకు దోపుకొని, రొట్టెల మూట నెత్తిన పెట్టుకొని బడి ముందు నుంచి పోయేది. పోతూ పోతూ కిటికీ దగ్గర ఆగి నా పాఠం కొంచెం వినేది. ఒకరోజు నేను "పత్తి పువ్వు తెల్లగా ఉంటుంది" అని పిల్లల చేత మూడుసార్లు అనిపిస్తున్నాను. కిటికీలోంచి గొంతు వచ్చింది.

"సారూ, పువ్వు పసుప్పచ్చగుంటాది. తెల్లగుండేది పగిలిన కాయ. అబద్ధమా?"

పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. వాళ్లకది ముందే తెలుసు, మర్యాద కొద్దీ ఊరుకున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆమె వక్కాకు నములుకుంటూ వెళ్లిపోయింది. ఏ మాట చెప్పినా చివర "అబద్ధమా?" అనడం ఆమెకు అలవాటు. అది ప్రశ్న కాదు, ఆమె వేసే వేలిముద్ర. "ఈపొద్దు ఎండ శానా ఉంది, అబద్ధమా?" అంటుంది. కాదనడానికి మనకేమీ మిగలదు.

ఇంకో అలవాటు, మబ్బుల్ని తిట్టడం. ఆ సీమలో వాన కోసం దండం పెట్టేవాళ్లున్నారు, కప్పలకు పెళ్లి చేసేవాళ్లున్నారు. ఈమె మాత్రం నడుం మీద చేయి పెట్టుకొని పైకి చూసి, పనికి ఆలస్యంగా వచ్చిన కూలిమనిషిని అడిగినట్టు అడిగేది. "వచ్చేదుంటే రా, ల్యాకుంటే పో. ఊరికే తిరుగుతాంటే సూసేటోల్లకు ఏం బాగుంటాది?" మబ్బు ఎక్కువసార్లు పోయేదే. కానీ ఆమె అడగడం మానలేదు.

అసలు సంగతికి వస్తాను. మూడో తరగతి వాచకంలో అడవి పాఠం ఉండేది. పాఠానికి ముందు పిల్లల్ని కదిలించాలి గదా అని "అడవిలో ఏముంటాయిరా?" అని అడిగాను. చేతులన్నీ లేచాయి. అన్ని చేతులు లేవడం నా ఉద్యోగంలో అదే మొదలు.

"శెనక్కాయ సార్."

"కొర్ర సార్."

"మా నాయన సార్."

కోపంగా పుస్తకంలో బొమ్మ చూపించాను. ఆకాశం కనబడకుండా చెట్లు, కింద జింక, వాగు. వాళ్లు చాలాసేపు చూశారు. చివరికి ఉరుకుందు అనే ఆరేళ్ల పిల్లవాడు, ఒక్కచోట కుదురుగా కూర్చోలేక మోకాళ్ల మీద నిలబడి పాఠం వినేవాడు, "ఇది అడివి గాదు సార్, తోట" అని తీర్పు చెప్పాడు.

నాకు అప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో ఇళ్లు అయిపోయిన చోటు నుంచి అంతా అడివే. పైరున్నా అడివి, బీడైనా అడివి. పొద్దున అడివికి పోతారు, సాయంత్రం అడివి నుంచి వస్తారు. నా అడవికి వాళ్ల దగ్గర మాట లేదు, ఎందుకంటే వాళ్లు దాన్ని చూడలేదు. ఆ క్షణంలోనే పిల్లల్ని నల్లమలకు తీసుకుపోవాలని నిర్ణయించుకున్నాను. ఇరవై మూడేళ్ల వయసులో నిర్ణయాలు అలాగే జరుగుతాయి. మా మేనమామ నంద్యాల అవతల అడవి అంచున రేంజి ఆఫీసులో గుమాస్తా. ఉత్తరం రాశాను. డిసెంబరు సెలవుల్లో రమ్మన్నాడు, పడుకోవడానికి షెడ్డు ఇప్పిస్తానన్నాడు, అడవిలో దారి చూపడానికి ఒక వాచరును కూడా ఏర్పాటు చేస్తానన్నాడు.

ఇక తల్లుల్ని ఒప్పించాలి. ఒక సాయంత్రం పని నుంచి వచ్చేటప్పుడు అందరూ బడి ముందు ఆగారు.

"అడివికి పోయేకి రైలెందుకు సారూ? ఇదో, ఈడే ఉంది గదా" అంది ఒకామె.

"ఇది కాదమ్మా, పెద్ద అడవి."

"పెద్దదంటే? మా రెడ్డి సేనంత ఉంటాదా?"

ఉంటుందన్నాను. పులులుంటాయని, ఎలుగుబంట్లు ఉంటాయని చెప్పలేదు. చెబితే ఒక్క పిల్లనూ పంపరని తెలుసు. ఇది నేను చేసిన తప్పు, తర్వాత జరిగినదానికంతా ఇదే మూలం. ఇన్నేళ్ల తర్వాత కూడా దీన్ని చిన్న తప్పు అనుకోలేను.

అందరూ అవ్వ వైపు చూశారు. ఆమె వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. "పిల్లోల్లు రైలన్నా సూస్తారు. నేను గూడ పోతాలే" అంది.

ఆ మాటతో పదమూడు మంది పిల్లలు తేలారు. ఉరుకుందు తల్లి మాత్రం కదల్లేదు. ఆమెకు వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. వాడికి జ్వరం వస్తే ఊరంతా తిరిగేది. ఆమె నా ముఖం కూడా చూడకుండా అవ్వతో అంది. "నీ మాట మీద పంపుతాండా అత్తా. సారు మాట మీద గాదు."

"నా మాట మీదే పంపు. నీ కొడుకును ఎట్ల తీసకపోతానో అట్లే తెచ్చిస్తా" అంది అవ్వ. నవ్వలేదు, అబద్ధమా అనీ అనలేదు.

ఆదోని దాకా ఎద్దులబండ్లు, అక్కణ్నుంచి రైలు. అవ్వకు రైలెక్కడం అదే మొదలు. పిల్లలందర్నీ బల్లల మీద సర్ది, తను మాత్రం కడ్డీ పట్టుకొని నిలబడింది. కూర్చోమన్నాను. "ఇంతమందిని మోసుకొని అది అంత కష్టపడతాంటే, మనం కాళ్లు సాపుకొని కూసునేదేంది సారూ?" అంది. గుంతకల్లు దాకా అలాగే నిలబడింది. అక్కడ రైలు మారాక పిల్లలు నిద్రకు వచ్చి ఆమె మీద పడిపోవడంతో గత్యంతరం లేక కూర్చుంది. అప్పుడు కూడా కొంచెం అంచునే కూర్చుంది, బరువు తగ్గించినట్టు.

నంద్యాల దాటి అడవి అంచున చిన్న స్టేషనులో దిగాం. రాత్రి షెడ్డులో పడుకొని, పొద్దున్నే జొన్నరొట్టెలు, శెనగపొడి తినిపించి పిల్లల్ని గేటు దగ్గరికి తీసుకుపోయాం. నేను రిజిస్టరులో సంతకం పెట్టడానికి మామతో ఆఫీసులోకి వెళ్లాను. ఆ పది నిమిషాల్లో గేటు దగ్గర జరిగిన సంభాషణ నేను వినలేదు. తర్వాత పిల్లలు నాకు అభినయం చేసి మరీ చూపించారు, అందుకే ఇంత బాగా గుర్తుంది.

గేటు దగ్గరి గార్డు అవ్వను అడిగాడట. "ఏమ్మా, అడివి తెలుసా నీకు?"

"తెలీకేం నాయనా. నలభై ఏండ్లాయ, దినామూ పోతాండా. అడివి ల్యాకుంటే నాకు కూడేడిది?"

"ఒక్కదానివే పోతావా?"

"ఒగోసారి ఒగదాన్నే పోతా. పొద్దు పుట్టకముందే."

"జంతువులు?"

"పందులొస్తాయి. కట్టె సూపిస్తే పోతాయి."

గార్డు ఆమెను కిందినుంచి పైదాకా చూసి, దండం పెట్టినంత పనిచేశాడట. మా కోసం నిలబెట్టిన వాచరును వేరే పని మీద పంపించేశాడు. నేను బయటికి రాగానే "మీకేం భయం లేదు సార్, అవ్వ ఉంది గదా. ఈ బాట వాగు దాకా పోతుంది, చూసి రండి" అన్నాడు. అవ్వ పిల్లల్ని బాగా చూసుకుంటుందని మెచ్చుకుంటున్నాడు అనుకున్నాను. వాచరు ముందు నడుస్తున్నాడేమో, వాగు దగ్గర కలుస్తాడేమో అని కూడా అనుకున్నాను. అనుకోవడంలో నాకు లోటు ఎప్పుడూ లేదు.

అర మైలు పోయాక బాట రెండుగా చీలింది.

"వాచరేడీ?" అన్నాను.

"ఆయప్పను పంపిచ్చేసినారు. నీకు అడివి తెలుసానని గార్డు అడిగినాడు, తెలుసంటి. అబద్ధమా?" అంది అవ్వ.

అప్పుడు నాకు విషయం అర్థమైంది, నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అవ్వ మాత్రం తల పైకెత్తి చూస్తోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. టేకు చెట్లు, మద్ది చెట్లు, వాటి మీదికి పాకిన తీగలు. పైన ఎక్కడో ముక్కలు ముక్కలుగా ఆకాశం. మబ్బుల్ని తిట్టే మనిషికి తిట్టడానికి ఆకాశమే దొరకలేదు. ఆమె దవడ ఆడటం ఆగిపోయింది. భయపడింది. నేను ఆమెను భయపడగా చూడటం అదే మొదటిసారి, నాకు తెలిసి అదే ఆఖరు.

"వెనక్కి పోదాం అవ్వా" అన్నాను.

పిల్లలు ఒక్కసారిగా గోల పెట్టారు. వాగు చప్పుడు వినబడుతోంది. ఏడాదిలో పది నెలలు ఇసకే చూసే పిల్లలకు ఆ చప్పుడు విన్నాక వెనక్కి పొమ్మంటే ఎవరు వింటారు? అవ్వ ఒక నిమిషం ఆలోచించింది.

"తెలీని సేన్లో కలుపుకు పోతే ఏం జేస్తాం సారూ? మునుం పడతాం. ఈడా అంతే."

మునుం అంటే కలుపు తీసే ఆడవాళ్లు చేనుకు అడ్డంగా ఒకే వరసలో కూర్చొని, మనిషికొక సాలు పట్టుకొని ముందుకు జరగడం. వరస వంకర పోకూడదు. ఎవరైనా వెనకబడితే పక్కనున్నామె ఆ సాలు కూడా కొంచెం అందుకొని తనతో కలుపుకుంటుంది. అవ్వ పిల్లల్ని వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కరికీ పక్కవాళ్లను చూపించింది.

"ఎవురూ తమను తాము సూసుకోవద్దు. మీ కుడిపక్కోల్లను సూసుకోండి. నేను కేకేస్తే మీ పేరు సెప్పొద్దు, మీ కుడిపక్కోల్ల పేరు సెప్పల్ల. తెలిసిందా?"

తెలిసింది. బాట సన్నగా ఉన్నచోట వరస నిలువుగా మారింది, వెడల్పయిన చోట మళ్లీ అడ్డంగా పరుచుకుంది. నేను ట్రైనింగు స్కూల్లో పిల్లల్ని బయటికి తీసుకుపోవడం గురించి పాఠాలు విన్నాను. అందులో ఇది లేదు.

వాగులో పిల్లలు చేసిన అల్లరి రాయలేను. చల్లటి నీళ్లు, తేటగా, అడుగున గులకరాళ్లు కనబడుతూ పారుతుంటే వాళ్లకు మతిపోయింది. ఒకడు నీళ్లను పట్టుకొని జేబులో పోసుకున్నాడు. నేను కూడా పంచె పైకి కట్టి దిగాను. అవ్వ ఒడ్డున కూర్చొని ఒక్కొక్క తలనూ చూస్తూనే ఉంది, కానీ పద్నాలుగు తలలు నీళ్లలో మునిగి లేస్తుంటే రెండు కళ్లు ఎన్నని చూస్తాయి?

బయల్దేరేముందు అవ్వ కేకేసింది. పేర్లు వరసగా వచ్చాయి, ఒక్కొక్కరు పక్కవాళ్ల పేరు. తొమ్మిదో చోట ఆగిపోయింది. సువార్త అనే పిల్ల, పెద్దకడుబూరు నుంచి మా ఊరికొచ్చిన కూలోళ్ల బిడ్డ, పెదవి బిగబట్టి నిలబడింది.

"నా కుడిపక్క ఖాళీ అవ్వా" అంది.

అక్కడ ఉండాల్సింది ఉరుకుందు.

చెప్పకుండా దాచిన పులులూ ఎలుగుబంట్లూ అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. వాడి పేరు అరుస్తూ ఎటో పరిగెత్తబోయాను. అవ్వ వెనక నుంచి నా చొక్కా పట్టుకొని గుంజింది.

"నువ్వు గూడ తప్పిపోతే నిన్ను యెతికేదెవరు సారూ? అరవొద్దు. అరిస్తే వాడు బెదురుకొని ఇంగా లోపలికి పోతాడు. వాని పేర్లోనే ఉరుకుంది."

అంత భయంలో కూడా రెండో తరగతి పిల్ల ఒకతి కిసుక్కుమంది.

అవ్వ మళ్లీ మునుం పట్టించింది. ఈసారి నిజం మునుం. వాగు ఒడ్డున, చేతికి చేయి అందేంత దూరంలో పదమూడు మంది పిల్లలు, ఒక కొనన ఆమె, ఇంకో కొనన నేను. "కలుపు తీసేటప్పుడు ఒగ గడ్డిపోస గూడ ఇడిసిపెట్టం గదా. అట్ల సూసుకుంట రావల్ల. సప్పుడు సేయొద్దు. ఎవురు ముందు సూస్తే వాల్లు సెయ్యెత్తల్ల, అంతే." ఇవాళ ఏ పంతులైనా ఇలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊడాలి కూడా. కానీ ఆ రోజు ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు, ఇప్పటికీ తోచదు.

పదమూడు మంది పల్లె పిల్లలు అరగంట సేపు మాట్లాడకుండా నడిచారు. ప్రతి పొదా వంగి చూశారు. ఒకడి కాలికి ముల్లు గుచ్చుకుంటే వాడు నోరు మూసుకొని కుంటుతూ వచ్చాడు, పక్కనున్న పిల్ల వాడి వైపు పొదలు కూడా చూసుకుంటూ నడిచింది. అవ్వ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ని పిలుస్తోందో, తిడుతోందో తెలియలేదు.

సువార్తే చెయ్యెత్తింది.

చిన్న మైదానంలాంటి చోటు. మధ్యలో రెండు మూరల టేకు మొక్క. దాని పాదులో ఉరుకుందు గొంతుక్కూర్చొని, రెండు చేతులా గడ్డి పీకుతున్నాడు. వేర్ల మట్టి దులిపి పక్కన కుప్ప పెడుతున్నాడు, వాళ్లమ్మ పెట్టినట్టే. వాడికి అవతల పదిగజాల్లో చుక్కల దుప్పుల మంద. ఒకటి తల పైకెత్తి వాణ్నే చూస్తోంది, మిగతావి మేస్తున్నాయి. వీడి పని వీడిది, వాటి మేత వాటిది.

అవ్వ చేయి అడ్డం పెట్టింది. మునుం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. "సూడండి, మెల్లగ ఊపిరిడుస్తా సూడండి" అని పక్కపిల్లకు చెప్పింది, ఆ పిల్ల పక్కదానికి చెప్పింది, ఆ మాట గుసగుసగా చివరనున్న నాదాకా వచ్చింది. నంద్యాలలో పుట్టిన నేను అంత దగ్గరగా దుప్పుల్ని ఎప్పుడూ చూడలేదు. ఎంతసేపు చూశామో తెలియదు. ఎవడో తుమ్మాడు. మంద ఒక్క గంతుతో మాయమైంది.

ఉరుకుందు తల తిప్పి మమ్మల్ని చూశాడు. వాడికి భయమూ లేదు, తప్పిపోయానన్న సంగతీ తెలియదు.

"ఈ సేను శానా గడ్డి పట్టింది అవ్వా. ఎవురూ తీసినట్టు ల్యా" అన్నాడు.

అవ్వ పోయి వాడి వీపు మీద ఒకటి వేసింది, వెంటనే వాడి తల తన కడుపుకు అదుముకుంది. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చింది. మాకందరికీ ఏడుపొచ్చింది. కాసేపు ఆ అడవిలో పదహారు మందిమి ఏడ్చాం. ఉరుకుందు ఒక్కడే ఎందుకో తెలియక మమ్మల్ని చూసి ఏడ్చాడు.

ముఖం తుడుచుకున్నాక ఆమె చుట్టూ చూసింది.

"ఇది ఎవుని సేను సారూ?"

"సర్కారుది."

"కలుపు ఎవురు తీస్తారు?"

"ఎవరూ తీయరవ్వా. నీళ్లు పెట్టరు, విత్తరు. దానంతట అదే పెరుగుతుంది."

"కూలోల్లు ల్యాకుండ ఇంత పచ్చగుందా" అంది. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు. నలభై ఏళ్లు వంగిన నడుముకు చిన్నతనం అనిపించింది, అంతే.

"ఇది మన అడివి గాదు సారూ. గేటుకాడి ఆయప్పకు నేను తప్పు సెప్పినా."

తప్పు నాదని చెప్పాను. పులుల సంగతి దాచానని కూడా చెప్పేశాను. ఆమె నన్ను కోపంగా చూడలేదు. కిటికీ దగ్గర ఆగి పాఠం దిద్దినప్పుడు చూసినట్టు చూసింది. దానికంటే కోపమే నయం.

తిరుగు ప్రయాణంలో పిల్లలు రైలు పెట్టెలో దుప్పుల మందగా మారి గంతులేశారు. వాళ్ల మాటల్లో దుప్పులు అప్పటికే ఎద్దులంత అయ్యాయి. నేను మాత్రం కిటికీ దగ్గర కుమిలిపోతున్నాను. పిల్లవాడు తప్పిపోయాడని ఊళ్లో తెలిస్తే రేపట్నుంచి బడికి ఎవరు పంపుతారు? ఇన్‌స్పెక్టరు దాకా పోతే నా గతేమిటి? ఆదోని దగ్గరపడుతుండగా అవ్వ పక్కకు జరిగాను.

"అవ్వా, ఆ సంగతి ఊర్లో చెప్పకుంటే మంచిదేమో. వాడు బాగానే ఉన్నాడు గదా. వాడికే తెలీదు తప్పిపోయినట్టు."

ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. అవునని అనలేదు, కాదని అనలేదు. నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను.

మర్నాడు మా బండ్లు ఊరు చేరేసరికి పొద్దు ఇంకా కొంచెం ఉంది. తల్లులందరూ దారికి ఎదురొచ్చారు. అవ్వ బండి దిగి, ఒక్కొక్క పిల్లనూ దించి, ఎవరి బిడ్డను వాళ్ల చేతుల్లో పెట్టింది. రొట్టెల గుడ్డలు, తడిసిన లాగులు, వాగులో ఏరుకున్న రాళ్లు కూడా ఎవరివి వాళ్లకిచ్చింది. అంతా నవ్వులు, కేకలు. ఉరుకుందు తల్లి చంకన బిందెతో కొంచెం వెనక నిలబడి ఉంది. కొడుకును చూసి కూడా ముందుకు రాలేదు, అవ్వ చేత్తోనే తీసుకోవాలన్నట్టు అందరూ ఇళ్లకు కదిలేదాకా ఆగింది. అవ్వ వాణ్ని చేయి పట్టుకొని తీసుకుపోయి ఆమె ముందు నిలబెట్టింది.

"ఇదో, నీ కొడుకు. ఆడ వాగు కాడ అరగంట సేపు తప్పిపోయినాడు. అది మన అడివి గాదు, పులులుండే అడివి. నాకు తెలీకున్నా తెలుసంటి. తప్పు నాది" అంది.

నేను అక్కడే ఉన్నాను. తప్పు నాదని ఆ తల్లి ముందు చెప్పాల్సింది, నోరు రాలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

తల్లి బిందె కింద పెట్టింది. కొడుకు చేయి లాక్కుంది. వాడి ముఖం, చేతులు, కాళ్లు తడిమి చూసింది. తర్వాత అడిగింది.

"నువ్వు సెప్పకుంటే నాకు తెలిసేదా అత్తా?"

"తెలిసేది గాదు."

"మరెందుకు సెప్పినావు?"

"రేపు ఇంగొగసారి వీన్ని యాడికన్నా పంపల్లంటే, నేను సెప్పిన మాట నువ్వు నమ్మల్ల గదా."

ఆ తల్లి ముఖం పక్కకు తిప్పుకొని కళ్లు తుడుచుకుంది. కొడుకు చేయి తన చేతిలోంచి విడిపించి, మళ్లీ అవ్వ చేతిలో పెట్టి, బిందె ఎత్తుకొని నీళ్లకు పోయింది.